చింతపిక్కలతో గుజిరీ అంగడి: బడి పిల్లలకు సర్క్యులర్ ఎకానమీని ఆటల్లో నేర్పడం ఎలా

‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ పోటీ పెట్టని బడి మన అనంతపురం వైపు దొరకడం కష్టం. పోటీకి ముందు రోజు సాయంత్రం ఏ స్టేషనరీ అంగడి దగ్గరైనా నిలబడి చూడండి. గ్లిట్టర్ షీట్లు, థర్మాకోల్ ముక్కలు, జిగురు డబ్బాలు, రంగు రిబ్బన్లు కొనడానికి పిల్లలు వరస కట్టి ఉంటారు. ఇంట్లో పడి ఉన్న సీసా ఒకటి, దానికి అంటించడానికి కొత్త సామాను యాభై రూపాయలది. (అలంకరణకు వాడే థర్మాకోల్ మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది, అది వేరే సంగతి.) బహుమతులు పంచిన వారానికి ఆ పెన్ను స్టాండు కసువు కుప్పలో చేరుతుంది. ఉత్త సీసాగా ఉన్నప్పుడు గుజిరీ అంగడాయన దాన్ని కిలో లెక్కన కొనేవాడు. జిగురు, మెరుపు కాగితం అంటుకున్నాక ముట్టుకోడు.

అందుకే ఇక్కడ బొమ్మలు చేయించే పని ఒక్కటీ చెప్పడం లేదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా, ముప్పై నలభై మంది ఉన్న క్లాసులో, రూపాయి ఖర్చు లేకుండా ఆడించగల ఆటలు చెబుతాను. బ్యాగు లేని శనివారాలు గానీ, ప్రతి నెలా మూడో శనివారం జరిగే స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర రోజు గానీ వీటికి బాగా కుదురుతాయి. 2025 జనవరిలో ఆ కార్యక్రమానికి ముఖ్యమంత్రి మన పక్క జిల్లా మైదుకూరుకే వచ్చారు. ఆ శనివారం చీపురు పట్టుకుని ఫోటో దిగాక ఇంకేం చేయాలో తోచని బడులు చాలానే ఉన్నాయి.

ముందు మీ మనసులో ఉంచుకోవాల్సింది

సర్క్యులర్ ఎకానమీ, పుస్తకాల భాషలో వర్తుల ఆర్థిక వ్యవస్థ, అనగానే చాలామంది టీచర్లకు రీసైక్లింగే గుర్తొస్తుంది. రీసైక్లింగ్ అందులో చివరి మెట్లలో ఒకటి. అసలు విషయం మూడు మాటల్లో చెప్పొచ్చు. చెత్త, కాలుష్యం పుట్టకుండా వస్తువును మొదట్లోనే ఆలోచించి తయారు చేయడం. తయారైన వస్తువును, అందులోని సరుకును వీలైనంత కాలం వాడకంలో తిప్పడం. నేల నుంచి తీసుకున్నది నేలకు తిరిగి ఇచ్చి, దాన్ని బాగు చేయడం. వీటిని ఇలా సూత్రాలుగా చెప్పి ప్రపంచమంతా ప్రచారం చేసింది ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్. 2010లో మొదలైంది.

ఎలెన్ మెకార్థర్ ఇంగ్లండు నావికురాలు. 2005లో తెరచాప పడవలో ఒక్కతే 71 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి వచ్చింది. ఈ కథ పిల్లలకు చెప్పండి. నడి సముద్రంలో అంగడి ఉండదు, పడవలో వేసుకెళ్లిన తిండి, డీజిలు, పనిముట్లు తప్ప ఇంకేమీ దొరకవు అంటే ఆరో తరగతి పిల్ల కూడా వెంటనే పట్టుకుంటుంది. నిర్వచనం మాత్రం బోర్డు మీద రాయకండి. రాస్తే నోట్సులో ఎక్కించుకుని మరిచిపోతారు.

కావాల్సిన సామాన్లు: ఒక డబ్బా నిండా చింతపిక్కలు, ఒక ఉండ పురికొస, వేలాడదీసే స్ప్రింగు కాటా, పాత పట్ట ఒకటి, రెండు మూడు స్క్రూడ్రైవర్లు, చాక్‌పీసులు, పనికిరాని అట్టముక్కలు. కాటా బడి సైన్సు ల్యాబులో ఉంటుంది. లేకపోతే కూరగాయల అంగడిలో ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. దేన్నీ కొత్తగా కొనకూడదనేది మొదటి నియమం, పిల్లలకూ మీకూ.

మొదటి ఆట: గంప తిరగబోయడం

ఏ ఆటకైనా ముందు ఇది జరగాలి. ఒక రోజంతా మూడు తరగతి గదుల కసువు గంపల్ని ఖాళీ చేయకుండా ఉంచమని ఆయమ్మకు ముందే చెప్పండి. మరుసటి రోజు చెట్టు కింద పట్ట పరిచి, గంపలు దాని మీద బోర్లించండి. పిల్లలు చేయి పెట్టకముందే మీరే ఒక కట్టెతో కదిపి చూసుకోవాలి. సూదులు, బ్యాండేజీలు, శానిటరీ ప్యాడ్లు, పగిలిన గాజు ఉంటే వేరుగా తీసేయండి. పిల్లల చేతులకు పాత పాల కవర్లు తొడిగితే గ్లవుజులు కొనే పని ఉండదు.

కుప్ప చూపించి రెండు ప్రశ్నలు అడగండి. ఇందులో అన్నిటికంటే ఎక్కువ ఏముంది? అన్నిటికంటే బరువు ఏది? జవాబులు బోర్డు మీద రాసిపెట్టి, తర్వాత వేరు చేయించండి. కాగితాలు ఒక కుప్ప, అట్టలు ఒకటి, సీసాలు ఒకటి, చిరుతిళ్ల కవర్లు ఒకటి, తొక్కలు, మిగిలిన తిండి ఒకటి, అయిపోయిన పెన్నులు ఒకటి. ఒక్కో కుప్పనూ సంచిలో వేసి కాటాకు తగిలించండి.

ఇక్కడ కాసేపు ఆగాలి. కవర్ల కుప్ప మోకాలెత్తు ఉంటుంది, కాటా ముల్లు మాత్రం కదిలీ కదలనట్టు ఉంటుంది. ‘సార్, కాటా చెడిపోయింది’ అని ఎవరో ఒకరు అంటారు. తడి తొక్కల కుప్ప చిన్నగా కనిపిస్తుంది, ముల్లు మాత్రం గబుక్కున కిందికి దిగుతుంది. గుజిరీ వాళ్లు కొనేది కిలోల లెక్కన అని పిల్లలకు తెలుసు. అయితే రోడ్డు పక్కన సీసాలు ఎందుకు కనిపించవు, కవర్లే ఎందుకు ఎగురుతుంటాయి అని అడిగి వదిలేయండి. జవాబు మీరు చెప్పొద్దు, మూడో ఆటలో వాళ్లే చెబుతారు.

అంకెలన్నీ ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించండి. తర్వాత పని పడుతుంది.

రెండో ఆట: పురికొస పట్టు

ఈ ఆటకు మన జిల్లాలో చెనక్కాయను మించిన పాఠం లేదు. పదహారు అట్టముక్కలు కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాయండి: చేను, చెనక్కాయ చెట్టు, కాయ, వలిచే మిల్లు, పప్పు, గానుగ, నూనె, చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి), కట్టె (కాయ కోశాక మిగిలే ఎండు చెట్టు, పశువుల మేత), ఆవు, పాలు, పేడ, దిబ్బ, పొట్టు, కోళ్ల ఫారం, ఇటుకల బట్టీ. పదహారు మంది మెడలో వేసుకుని గుండ్రంగా నిలబడాలి. మిగతావాళ్లు చుట్టూ కూర్చుని తప్పులు పట్టేవాళ్లు. ఈ రెండో ఉద్యోగానికే పోటీ ఎక్కువ.

ఉండ ‘చేను’ చేతిలో మొదలవుతుంది. ఉండ అందుకున్నవాళ్లు ‘నేను ఫలానా వాళ్లకు పనికొస్తాను’ అని ఒక్క వాక్యం చెప్పి, కొస తమ చేతిలో పట్టుకుని, ఉండను ఆ ఫలానా వాళ్లకు విసరాలి. చేను నుంచి చెట్టుకు, చెట్టు నుంచి కాయకు, కాయ నుంచి మిల్లుకు. అక్కడి నుంచి పప్పు గానుగకు పోతే నూనె, చెక్క వేరవుతాయి. చెక్క ఆవుకు, చెట్టు నుంచి వచ్చిన కట్టె కూడా ఆవుకే. ఆవు నుంచి పాలు, పేడ. పేడ దిబ్బకు, దిబ్బ మళ్లీ చేనుకు. పల్లె పిల్లలకు ఇదంతా ఇంట్లో చూసిన సంగతే కాబట్టి మీ సాయం లేకుండానే తిప్పేస్తారు. టౌను పిల్లలైతే గానుగ దగ్గర ఒకసారి తడబడతారు.

అసలు తగువు పొట్టు దగ్గర వస్తుంది. ఇటుకల బట్టీకి వెయ్యాలని కొందరు, కోళ్ల ఫారానికి వెయ్యాలని కొందరు. రెండూ మన దగ్గర జరిగేవే. బట్టీకి పోయిన పొట్టు ఒక్కసారి మండి వేడి ఇస్తుంది, అంతటితో సరి. కోళ్ల కింద పరిచిన పొట్టు రెట్టతో కలిసి, ఎరువై చేనుకు తిరిగి వస్తుంది. మీరు తీర్పు ఇవ్వకండి. ఉండను బట్టీకి విసరమనండి, అక్కడ నుంచి కొస ఎటూ పోలేదని అందరూ చూడాలి. తర్వాత కోళ్ల ఫారానికి విసరమనండి, అది తిరిగి చేనుకు చేరుతుంది. బట్టీ కూడా ఊరికి కావాల్సిందే కదా అని ఎవరైనా అంటే సంతోషించండి, మంచి ప్రశ్న అది. ఎనిమిదో తరగతి అయితే చెనక్కాయ వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తుందని గుర్తు చేయండి. సైన్సు పుస్తకంలో ఉన్న ముక్క ఇక్కడ పనికొస్తుంది.

కొసలన్నీ బిగిసి వల తయారయ్యాక అందరినీ కొంచెం వెనక్కి వాలమనండి. ఇప్పుడు ‘ఆవు’ చేతిలోని కొసలు వదిలేయాలి. వల ఒక్కసారిగా జారిపోతుంది. కరువు వచ్చి మేత లేక పశువుల్ని సంతకు తోలుకుపోతే ఏమవుతుంది అని అడగండి. పేడ లేదు, దిబ్బ లేదు, ఎరువు బస్తా కొనాలి. ఈ కథ మన పిల్లల్లో చాలామందికి నాన్న నోటే తెలుసు.

వెంటనే రెండో ఉండ తీయండి. ఈసారి చిక్కీ కవరు. మధ్యాహ్న భోజనంతో ఇచ్చే చిక్కీని పిల్లలు ఇష్టంగా తింటారు, కవరు మాత్రం గ్రౌండులో ఎగురుతుంది. ముడి చమురు బావి, రిఫైనరీ, ప్లాస్టిక్ ఫిల్మ్, రంగుల ముద్రణ, చిక్కీ ప్యాకెట్టు, పిల్లాడి చేయి. ఆ తర్వాత ఉండ ఎవరికి విసరాలి? విసరడానికి ఎవరూ ఉండరు. చిప్స్, బిస్కెట్ కవర్లలో చాలావాటికి లోపల వెండిలా మెరిసేది అల్యూమినియం పూత అని, రకరకాల ప్లాస్టిక్ పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి వాటిని విడదీయడం ఎవరికీ గిట్టుబాటు కాదని ఒక కవరు చింపి చూపించండి. ఇదే చిక్కీ అంగడిలో గాజు సీసాలో విడిగా అమ్మేటప్పుడు చేతిలోకే ఇచ్చేవారు కదా అని ఎవరో ఒకరు లేవదీస్తారు. ఎవరూ లేవదీయకపోతే మీరు లేవదీయండి.

మూడో ఆట: గుజిరీ అంగడి

అన్నిటికంటే పిల్లలు ఎగబడేది దీనికే, ఎందుకంటే ఇందులో డబ్బుంది. ఒక చింతపిక్క ఒక రూపాయి. ముందు రోజే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని మీ ఊరి గుజిరీ అంగడికి వెళ్లండి. ఇనుము, అల్యూమినియం, అట్ట, న్యూస్ పేపరు, తెల్ల సీసా, రంగు సీసా ఒక్కోటి కిలో ఎంతకు కొంటారో పిల్లలే అడగాలి. ‘అన్నా, కవర్లు తీసుకుంటారా?’ అని కూడా అడగమనండి. ఆయన మొహంలో కనిపించే జవాబు ఏ పాఠంలోనూ రాదు. ఆ ధరల నిష్పత్తిలోనే మీ పిక్కల ధరలు పెట్టండి.

ముప్పై ఆరు మంది ఉంటే ఇలా పంచండి: నలుగురేసి చొప్పున ఆరు ఇళ్లు, ముగ్గురేసి చొప్పున రెండు గుజిరీ అంగళ్లు, నలుగురితో ఒక కంపెనీ, ఇద్దరితో మునిసిపాలిటీ బండి. ఇంటికి పది పిక్కలు, అంగడికి ముప్పై, కంపెనీకి నలభై. ఒక్కో ఇంటికీ ఒకే రకం సంచి: పాత పేపర్లు, అట్టముక్కలు, రెండు సీసాలు, వంగిన అల్యూమినియం గరిటె లేదా మూత, నాలుగు కవర్లు, గుప్పెడు కూరగాయల తొక్కలు.

1. మొదటి విడతలో వేరు చేయడానికి వీల్లేదు. సంచి మొత్తం అమ్మాలి. అంగడి వాళ్లు దానికి రెండు మూడు పిక్కల కంటే ఇవ్వరు, ఎందుకంటే ఏరుకునే పని వాళ్లది. తొక్కల నీళ్లు కారుతుంటే అసలు వద్దంటారు. అప్పుడు మునిసిపాలిటీ బండికి ఒక పిక్క ఎదురిచ్చి వేయాలి.

2. రెండో విడతలో అదే సంచి, ఐదు నిమిషాల్లో ఏరి అమ్మొచ్చు. పిక్కలు గలగలలాడతాయి. రెండు అంగళ్లు ఉన్నాయి కాబట్టి బేరాలు మొదలవుతాయి. ఆడపిల్లలే ఏరడం, మగపిల్లలే బేరం చేయడం జరగకుండా చూడండి, మీరు పట్టించుకోకపోతే కచ్చితంగా అదే జరుగుతుంది.

3. మూడో విడతకు ముందు మీరు ఒక చెంబు నీళ్లు తీసుకుని మూడు ఇళ్ల సంచుల మీద చల్లండి. గోల చేస్తారు, చేయనివ్వండి. తడిసిన పేపరుకు అంగడిలో పైసా రాదు. తడి పొడి వేరుగా ఉంచమని రోజూ మైకులో వినే మాట వాళ్లకు ఇప్పుడు డబ్బు లెక్కలో అర్థమవుతుంది.

4. నాలుగో విడతలో కంపెనీ రంగంలోకి దిగుతుంది. ఇంతవరకు వాళ్లు గుజిరీ నుంచి సరుకు కొంటూ కూర్చున్నారు. ఇప్పుడు వాళ్లు తమ ప్యాకెట్టును మార్చొచ్చు, లేదా సీసాకు రెండు పిక్కలు డిపాజిట్ పెట్టి, తిరిగిచ్చినవాళ్లకు వాపసు ఇవ్వొచ్చు. గ్యాసు సిలిండరు ఎప్పుడైనా రోడ్డు పక్కన పడి ఉండడం చూశారా అని అడగండి. గోలీ సోడా సీసా కూడా అంతే, తాగి అక్కడే ఇచ్చి వస్తాం.

ఆట అయ్యాక ఏ ఇంట్లో ఎన్ని పిక్కలు ఉన్నాయో లెక్కపెట్టించండి, కానీ అంతకంటే ముఖ్యం కవర్లు ఎవరి దగ్గర మిగిలాయి అన్నది. ఏరి అమ్మిన విడతల్లో అవి ఇళ్లలోనే ఉంటాయి, లేదా డబ్బు ఎదురిచ్చి వదిలించుకోవాల్సి వస్తుంది. మొదటి ఆటలో గోడకు తగిలించిన అట్ట ఇప్పుడు చూపించండి. బరువు లేనిదాన్ని, కొనేవాడు లేనిదాన్ని ఎవరు ఏరతారు? అది మార్చగలిగింది కంపెనీ ఒక్కటే అని పిల్లలు వాళ్ల నోటితో అంటే మీ ఆట పండినట్టే. చెత్త తప్పంతా వాడినవాళ్ల మీద వేసి, పిల్లలకు తప్పు చేసిన భావం అంటగట్టే పాఠాలు నాకు నచ్చవు.

అల్యూమినియానికి అంత ధర ఎందుకని అడుగుతారు. బాక్సైటు ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో, పాతదాన్ని కరిగించి వాడడానికి సుమారు 5 శాతం చాలు. ఎన్నిసార్లు కరిగించినా గుణం పెద్దగా తగ్గదు. కాగితం అలా కాదు. తిప్పిన ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది, ఐదు నుంచి ఏడుసార్లకు మించి రాదు. అందుకే నోటుబుక్కులో ఖాళీ పేజీలు మిగిల్చి గుజిరీకి వేయడం కంటే వాటిని చించి రఫ్ బుక్కు కుట్టుకోవడమే లాభం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ క్లాసులో పాత సామాన్ల బండి తోలేవాళ్ల పిల్లలు, చెప్పులు కుట్టేవాళ్ల పిల్లలు, పారిశుధ్య పనివాళ్ల పిల్లలు ఉండొచ్చు. ఆటలో గుజిరీ పాత్ర ఎవరికి వస్తుందన్నది చీట్లు వేసి తేల్చండి. ఎవరైనా పకపకా నవ్వితే ఆట ఆపి, ఆ పని తెలిసిన పిల్లాడినే ధరల నిపుణుడిగా ముందుకు పిలవండి. తెల్ల సీసాకూ రంగు సీసాకూ ధర ఎందుకు తేడానో వాడికి మనకంటే బాగా తెలుసు. ఇష్టం లేదంటే మాత్రం బలవంతం చేయొద్దు.

నాలుగో ఆట: విప్పుడు పందెం

జట్టుకు ఒక పాడైన వస్తువు. పెన్ను, టార్చిలైటు, గొడుగు, జిప్పు పోయిన బడి బ్యాగు, అరిగిన బూటు. పదిహేను నిమిషాల్లో విప్పి, ఎన్ని రకాల సరుకు ఉందో వరసగా పేర్చాలి. చిన్న పెన్నులోనే ప్లాస్టిక్ గొట్టం, సిరా, ఇత్తడి కొన, దాని చివర ఇసుకరేణువంత టంగ్‌స్టన్ కార్బైడు గుండు ఉంటాయి. ఆ గుండు ఎంత గట్టిదంటే పెన్ను అరిగిపోయినా అది అరగదు. ఇంత మంచి సరుకును రెండు వారాలు రాసి పారేస్తున్నాం.

మార్కులు ఇలా వేయండి. పగలకుండా విప్పితే రెండు, మళ్లీ బిగించి పని చేయిస్తే ఐదు. జిగురుతో అతికించి విప్పడానికి వీల్లేకుండా ఉంటే మార్కు జట్టుకు పోదు, తయారు చేసినవాడికి సున్నా. తర్వాత ‘మళ్లీ విప్పగలిగేలా మీరే తయారు చేస్తే ఎలా ఉంటుంది’ అని బొమ్మ గీయించండి.

మొబైల్ ఫోన్లు, ఉబ్బిన బ్యాటరీలు, ట్యూబులైట్లు, పాత టీవీలు, ప్లగ్గున్న ఏ వస్తువూ ఈ ఆటలోకి రానివ్వకండి. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది. బ్యాటరీ గుచ్చితే మంట రావచ్చు.

ఐదో ఆట: తొక్కుడుబిళ్ల

ఇది ఇంటర్వెల్లో ఆడుకునేది, ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఆరు గళ్లు గీసి, దగ్గర నుంచి దూరానికి ఇలా రాయండి: మళ్లీ అదే పనికి, రిపేరు, ఇంకొకరికి, వేరే పనికి, కరిగించి కొత్తది, పారేయడం. మీరు ఒక వస్తువు పేరు పిలవాలి, పిల్లలు వీలైనంత దగ్గర గడిలో బిళ్ల వేసి, ఒంటికాలిమీద వెళ్లి తీసుకురావాలి. రిపేరు గడిలో వేసినవాళ్లు మన ఊళ్లో ఆ పని చేసేది ఎవరో చెప్పాలి, చెప్పలేకపోతే వెనక్కి. దూరం గడి దాకా కుంటితే కాళ్లు నొస్తాయి కాబట్టి దగ్గరి గడి ఎందుకు మేలో వివరించే పని మీకుండదు. కొన్ని బళ్లలో దీన్ని వైకుంఠపాళిగా చేయిస్తారు. నాకు అది అంత రుచించదు. పైకెళ్లేదీ కిందపడేదీ గవ్వల మీద ఆధారపడితే ఇందులో నేర్చుకునేదేముంది?

ఈ ఆట ఆడిన వారం బొంత కుట్టే అవ్వను ఒకరిని బడికి పిలవండి. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి ఆమె కుట్టు వేస్తుంటే పిల్లలు చుట్టూ కూర్చుంటారు. ఒక పాలిస్టర్ చీర, ఒక నూలు చీర రెండూ ముందు పెట్టి, ‘అవ్వా, ఏది తీసుకుంటావు?’ అని అడిగించండి. ‘ఆ పాలిస్టరుది వద్దు నాయనా, జారిపోతాది, పండుకుంటే ఉడుకు’ అంటుంది. వస్తువు రెండో బతుకు దాని నూలులోనే ఉందన్న సంగతి అవ్వ ఒక్క మాటలో తేల్చేసినట్టు.

ఆరో ఆట: పాతిపెట్టి పందెం

ఇది నెమ్మదిగా సాగే ఆట. చెట్టు నీడన, జానెడు లోతున ఎనిమిది చిన్న గుంతలు. ఒక్కోదాంట్లో ఒక్కటి: మోదుగ విస్తరాకు, అరటి తొక్క, కోడిగుడ్డు పెంకు, చెనక్కాయ పొట్టు, నూలు చొక్కా జేబు ముక్క (కుట్టుతో సహా), పాలిస్టర్ ముక్క, టీ తాగే పేపరు కప్పు, చిక్కీ కవరు. పేరు రాసిన పుల్ల పాతండి. రెండు నెలల తర్వాత ఏది మాయమవుతుంది, ఏది మిగులుతుంది అని పిక్కలతో పందెం కాయించి, పందేలు రాసి సీలు వేయండి.

మన దగ్గర ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. ఎండిన మట్టిలో ఏదీ కుళ్లదు, అలాగే ఎండిపోయి ఉంటుంది. గుంతలో మట్టిని గుప్పెట్లో పిండితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. అంత తేమ ఉండేలా రెండు రోజులకోసారి తడపాలి. కాస్త పేడ కలిపితే ఇంకా మంచిది. తడిపే వంతుల పట్టిక పిల్లలే రాసుకోవాలి. ప్లేట్లు కడిగే నీళ్లలో సబ్బు ఉంటుంది, అవి మాత్రం పోయొద్దు.

తవ్విన రోజు పందేలు చాలా తారుమారవుతాయి. అరటి తొక్క పోతుంది, విస్తరాకు ముక్కలై నల్లబడుతుంది, అది అందరూ కాసిన పందెమే. గుడ్డు పెంకు పోతుందని కాసినవాళ్లు ఓడతారు, అది సున్నపు సరుకు, అంత తొందరగా కరగదు. చెనక్కాయ పొట్టు కూడా చాలావరకు అలాగే ఉంటుంది. జేబు ముక్క చూడండి. నూలు గుడ్డ చివికి చేతిలో పొడిపొడి అవుతుంది, చుట్టూ వేసిన కుట్టు దారం మాత్రం జేబు ఆకారంలో మిగిలి ఉంటుంది, ఎందుకంటే దర్జీలు వాడే దారం ఎక్కువగా పాలిస్టరే. ఇక పేపరు కప్పు. కాగితం నాని ఊడిపోయి, లోపలి సన్నటి ప్లాస్టిక్ పొర తెల్లగా బయటపడుతుంది. పేపరు కాబట్టి మంచిదే అనుకున్న క్లాసంతా దాన్ని చేతులు మార్చి మార్చి చూస్తుంది. రెండు నెలలు ఆగలేమంటే ఒక కప్పును వేడినీళ్లలో అరగంట నానబెట్టి లోపలి పొరను గోటితో లేపండి, వచ్చేస్తుంది.

మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి

చెనక్కాయ లేని చోట పురికొస ఆటకు ఇంకో పంట దొరుకుతుంది. ఆదోని వైపు పత్తి పెట్టండి. జిన్నింగ్ మిల్లులో దూది ఒకవైపు, గింజ ఇంకోవైపు పోతాయి, గింజ నుంచి నూనె, చెక్క, కట్టె పొయ్యిలోకి. పులివెందుల వైపు అరటి బోదె. పత్తికొండ వైపు టమోటా అయితే ధర పడిపోయిన రోజు రోడ్డు మీద పారబోసిన పండు దగ్గర ఆట మొదలుపెట్టండి. ఆ పండు అక్కడికి ఎందుకు చేరిందో పిల్లల ఇళ్లలోనే తెలుసు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ మిల్లుల తెల్ల బురద ఎటు పోతోంది, విరిగిన బండముక్కలు ఎవరి కంచెలో, ఎవరి గడపలో ఉన్నాయి అని వెతికించొచ్చు. మిల్లులోకి మాత్రం పిల్లల్ని తీసుకెళ్లొద్దు, దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మీ పంచాయతీలో చెత్త నుంచి సంపద కేంద్రం నడుస్తుంటే అక్కడికి ఒక పూట వెళ్లండి. నడవకపోతే ఎందుకు నడవడం లేదో సర్పంచికి పిల్లలతో ఉత్తరం రాయించండి, తెలుగు పీరియడులో ఉత్తరం రాయడం ఎలాగూ ఉంది.

నాలుగైదు వారాల తర్వాత గంప మళ్లీ తిరగబోసి, అదే కాటాతో తూచి, గోడ మీది అట్టలో పక్క గడిలో రాయండి. బరువు పెద్దగా తగ్గకపోవచ్చు, అప్పుడు కూడా ఉన్నదున్నట్టు రాయించండి. ఇన్‌స్పెక్షన్ వస్తుందని అంకె దిద్దితే పిల్లలు చూస్తుంటారు.

మొత్తం జులైలో మొదలుపెడితే వాన తేమ కలిసి వస్తుంది. పాతిపెట్టిన గుంతలు తవ్వే రోజు పరీక్షల వారంలోనో దసరా సెలవుల్లోనో పడకుండా ముందే క్యాలెండరు చూసుకుని గుర్తు పెట్టండి. సెలవుల్లో తడిపేవాళ్లు ఉండరు, ఆ రోజుల్ని రెండు నెలల లెక్కలోంచి తీసేయండి.